ఎవరి నాటు?

మా కాక పోయాడు. సోమవారం పొద్దున ఆయన పెద్దబిడ్డ ఫోన్ చేసి, "బాపు పోయిండు అన్నా" అంది. కాక నాకు రక్తబంధువు కాదు. తొంభైల నడుమ బహ్రెయిన్‌లో ఒక తోటల కంపెనీ క్యాంపులో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆయన మాలి, నేను స్టోరు చూసేవాణ్ని. ఆయన కాగితాల్లో 'అన్‌స్కిల్డ్' అని ఉండేది. పని రానివాడని అర్థం. ఆ ముద్ర వేసినవాళ్ళకు గానీ, ముప్పై ఏళ్ళుగా దాన్ని చూస్తూ ఊరుకున్న మన పాలకులకు గానీ ఏనాడూ సిగ్గు కలగలేదు. పోనీ, నాకు కలిగిందా? అదే చెప్పాలి.

కాక ఏ తోటకు వెళ్ళినా ముందు చిటికెడు మట్టి తీసి వాసన చూసి, నాలుక చివర పెట్టుకునేవాడు. "ఉప్పెంతున్నదో నోరే చెప్తది కొడుకా, మిషినెందుకు?" అనేవాడు. శుక్రవారం మేమంతా బట్టలు ఉతుక్కుంటుంటే ఆయన కర్జకాన్ దిక్కు సముద్రపు ఒడ్డున తిరిగి జేబు నిండా గింజలు తెచ్చేవాడు.

"దుబాయికొచ్చి గడ్డి ఏరుతున్నవా కాకా?" అని గదిలో వాళ్ళు నవ్వేవాళ్ళు. మావాళ్ళకు గల్ఫంతా దుబాయే.

"నవ్వుర్రి. గీ ఎండకు మీరు నీడకురుకుతరు. అది ఉరుకదు."

జల్లాఖ్‌లో ఒక బంగళా తోట మా కంపెనీ చూసేది. ఆ ఇంటి మేడమ్‌ది ఎక్కడో చలిదేశం. చలి, పొడిగాలి, వాన తక్కువ. అక్కడ ఆకు రాలే ముందు కొండలన్నీ ఎర్రబడతాయట. ఇక్కడ ఏడాదంతా ఒకే పచ్చదనం చూడలేక దిగులుపడేది. అక్టోబరులో మా చేతికొక జాబితా ఇచ్చింది.

"ఏం రాసిందిరా?" అన్నాడు కాక.

"నేటివ్ మొక్కలే పెట్టాలట. అంటే నాటు మొక్కలు. ఆకు రాలేముందు ఎర్రబడేవి."

"ఎవలి నాటు?"

నాకు అర్థం కాలేదు.

"ఆమె ఊరి నాటా, గీ నేల నాటా? ఆడ చలికి ఎర్రబడే చెట్టు ఈడ దేనికి ఎర్రబడాలె? అడుగు."

అడగలేదు. మొక్కలు విమానంలో వచ్చాయి, కాక నాటాడు. రెండు వారాలకు ఆకుల అంచులు ఎర్రబడ్డాయి. మేడమ్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి ఫొటోలు తీసుకుంది.

కాక ఒక ఆకు నలిపి చూశాడు. "గిది రంగు గాదు, కాలుడు. నీళ్ళల్ల ఉప్పుకు కాలుతున్నది. నీడ కట్టాలె, మంచినీళ్ళు పెట్టాలె. ఇప్పుడే చెప్పు కొడుకా."

ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. కాక ఏమన్నాడో అని మేడమ్ నా వైపు చూస్తే, "చాలా బాగుందంటున్నాడు" అని చెప్పాను. ఆమె సంతోషం చెడగొట్టడం ఎందుకనుకున్నాను. నిజానికి భయం. ఉపన్యాసాల్లో శ్రమజీవుల గొంతు అంటూ గొంతు చించుకునే నాబోటివాళ్ళు, ఆ గొంతు పక్కనే నిలబడి అనువాదం అడిగినప్పుడు చేసేది ఇదే.

నెల తిరక్కుండా మొక్కలన్నీ ఎండిపోయాయి. మాలికి నీళ్ళు పెట్టడం రాదని సూపర్‌వైజరు తేల్చాడు. కాకను తోటపని నుంచి తీసి సిమెంటు సైటుకు పంపుతామన్నాడు. ఆయనకు దుమ్ము పడదు, ఛాతీ పట్టేస్తుంది. అందరికీ తెలుసు.

ఆ శుక్రవారం కాక పారతో ఒడ్డుకు పోయి, ఉప్పునేలలో మొలిచే గుబురు మొక్కల్ని మట్టిగడ్డలతో సహా తవ్వి తెచ్చి ఆ ఖాళీ గుంతల్లో నాటాడు. "పోయిన చలికాలం ఒడ్డు పొంటి ఇవే ఎర్రగైనయ్. జూసిన" అన్నాడు నాతో.

శనివారం సూపర్‌వైజరు చూసి, "జంగ్లీ! నికాలో!" అని అరిచాడు. పిచ్చిమొక్కలట, పీకెయ్యాలట. కాకను అప్పటికప్పుడే సైటు బండి ఎక్కించారు. ఎక్కుతూ కాక నన్ను తిట్టలేదు. "పీకనియ్యకు" అన్నాడు, అంతే.

మేడమ్ దగ్గరికి వెళ్ళి ఈసారి మొత్తం చెప్పాను. ఆనాడు కాక అన్నదేమిటో, నేను మార్చి చెప్పినదేమిటో కూడా. ఆమె తోటలోకి వచ్చి ఆ మొక్కల్ని చూసింది. "చలికాలం అయ్యేదాకా ఉండనివ్వండి" అంది.

జనవరి నాటికి ఆ తోట ఎర్రబడింది. నిప్పులా కాదు, ఎండుమిరపకాయలా, ముదురుగా. కొమ్మలు చేవగా ఉన్నాయి, నలిపితే నీరు చిమ్మింది. ఇది కాలడం కాదు. మేడమ్ ఆయన్ను పిలిపించమని పట్టుబట్టింది. సైటు నుంచి పికప్‌లో తెచ్చారు. రెండు నెలల్లో మనిషి సగమయ్యాడు. దగ్గుతూ దిగాడు.

"ఈ మొక్క పేరేమిటని అడుగుతోంది కాకా."

"పేరు నాకు తెల్వదని చెప్పు. ఎప్పటిసంది ఈడనే ఉన్నదని చెప్పు."

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కాకను తోటకే ఇవ్వమని అడిగింది. సూపర్‌వైజరు వాచీ చూసుకుంటూ, "ఖలాస్ మేడమ్, సైటు మారిపోయింది" అన్నాడు. ఆ దగ్గుతోనే ఇంకో రెండేళ్ళు సిమెంటు మోసి ఇంటికి చేరాడు కాక. మొన్న ఆయన్ను తీసుకుపోయిందీ ఆ దగ్గేనని వాళ్ళ బిడ్డ చెప్పింది.

నాకు మాత్రం ఆ మధ్యాహ్నమే కనబడుతోంది. పికప్ హారన్ కొడుతోంది. మోచేతుల దాకా బూడిదరంగు సిమెంటుతో కాక ఆ ఎర్రటి గుబుర్ల ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముట్టుకోబోయి, తన చేతులు చూసుకుని ఆగాడు. లేచి గోడవారన పంపు దగ్గరికి వెళ్ళి, హారన్ మోగుతున్నా తొందరపడకుండా, వేలువేలూ రుద్దుకుని కడుక్కుంటున్నాడు.