చిత్తుకాగితాల గుట్టకు ఒక్క దణ్ణం

ఆ రోజుల్లో మా ఊళ్లో కోడి కూతను నమ్మి పొయ్యి వెలిగించిన ఆడది లేదు. కాగితాల మిల్లు సైరన్ మోగితేనే మాకు తెల్లవారినట్టు. (కోడి ఆలస్యం చేస్తే అడిగేవారు లేరు, మిల్లు గేటు మాత్రం మూసేసేవారు.) అరవైల చివరి మాట. వెదురు లారీలు నరసన్నపేట రోడ్డు పొడవునా బారులు తీరేవి. అలాంటి మిల్లులో చిత్తుకాగితాలు ఏరే పనికి మా అన్న పెళ్లాం, అంటే మా వదిన, మేస్త్రిని బతిమాలి నన్ను పెట్టించింది. మొదటి రోజు సాయంత్రం సైరన్ లోపు నా గుట్ట ఏరేస్తే పని ఖాయం. లేకపోతే మళ్లీ పొలంలో కలుపుతీతే.

తెల్లకాగితం ఒక బుట్టలోకి, అచ్చుకాగితం ఇంకో బుట్టలోకి వెయ్యాలి. పని తేలికే. చిక్కల్లా గుట్ట మీదెక్కి కూర్చోవడమే. కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకోవాలని మా అమ్మ నేర్పింది. నాకు ఒక్క అక్షరం రాదు కాబట్టి భక్తి రెండింతలు. తగిలిన ప్రతి ముక్కనూ కళ్లకద్దుకుని మరీ బుట్టలో వేస్తున్నాను. పక్కనున్న ముసలమ్మ సిగ్గుపడి తానూ మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంకొకామె. మధ్యాహ్నానికి షెడ్డంతా కళ్లకద్దుకుంటోంది, కాగితం నానబెట్టే తొట్టి ఖాళీగా ఉంది.

మేస్త్రి చుట్ట కొరుకుతూ వచ్చాడు. "ఏటిది? మిల్లా, కోవెలా?"

"నా పరువు తీసేసినావు కదే!" అని అదే షెడ్డులో కాగితాలేరుతున్న వదిన తల బాదుకుంది.

"కాలు తగిల్తే పాపం కాదేటి మావా?" అన్నాను మేస్త్రితో.

"ఇలగ దణ్ణాలెడితే నీ మనవరాలొచ్చినా ఈ గుట్ట అవ్వదు!"

"అలగైతే గుట్టంతటికీ ఒక్కపాలే ఎట్టేస్తాను."

"ఎట్టు, బేగి ఎట్టు!"

"దినాం తొక్కుతున్నోడివి, నువ్వూ ఎట్టు మావా."

మేస్త్రి అటూ ఇటూ చూశాడు. చుట్ట తీశాడు, చెప్పులు విడిచాడు, దణ్ణం పెట్టాడు. ఇక మా చేతులు ఆగలేదు. సైరన్ మోగేసరికి నా గుట్ట కింద నేల కనిపించింది. మర్నాటి నుంచి పొద్దున్నే మేస్త్రి ముందు నిలబడి అందరిచేతా ఒక్క దణ్ణం పెట్టించేవాడు.

చాలా ఏళ్లు చేశాను. తర్వాత వెదురు తగ్గింది, యంత్రాలు ముసలివయ్యాయి, షిఫ్టులు ఒక్కటొక్కటే పోయాయి. ఒక పొద్దున సైరన్ మోగలేదు, ఊరంతా ఆలస్యంగా లేచింది. యంత్రాలను తుక్కు కింద పట్టుకుపోయారు. ఖాళీ చేతులతో కూర్చోలేక, తల నెరిశాక సాయంత్రం బడికెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను.

ఇప్పుడు బజ్జీలు చుట్టిచ్చిన కాగితాన్నైనా చివరిదాకా చదువుతాను. చదివి, దానికే వేళ్ల నూనె తుడుచుకుని, ఉండచుట్టి విసిరేస్తాను. ఆ రోజు గుట్ట మీద కూర్చున్న పిల్ల గానీ ఇది చూస్తే, నన్ను మిల్లు గేటు దాటనిచ్చేది కాదు.