సగం వాటా చేతులు మారిన రోజు

నేను ఉక్కు ప్లాంటు ఊళ్ళో, స్మృతి నగర్‌లో ఇంట్లోంచే పనిచేస్తాను. విదేశాల్లో ఒక సంస్థ ఇంకో సంస్థను కొనే ముందు అక్కడి ప్రభుత్వానికి చెప్పాలా, అక్కర్లేదా అని చూసిపెట్టే ఉద్యోగం. ఆ వారం నా ముందుకు ఒక భాగస్వామ్య సంస్థ వచ్చింది. కంపెనీ అయితే వాటాదారుల ఓట్లు ఎవరి చేతిలో ఉన్నాయో చూస్తారు. భాగస్వామ్యంలో ఆ ఓట్లుండవు. అందుకని అక్కడి రూలు వేరే ప్రశ్నలు వేస్తుంది. లాభంలో కనీసం సగం ఎవరికి వస్తుంది? రేపు మూసేస్తే మిగిలినదాంట్లో సగం ఎవరికి? ఈ రెండిట్లో ఏ సగమైనా చేతికొచ్చేలా కొంటుంటే, బేరం పెద్దదైతే, కొనకముందే చెప్పాలి. చెరి సగమైతే ఇద్దరి చేతుల్లోనూ పెత్తనం ఉన్నట్టే లెక్క. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, మరి ఇదెలాగని నాకు భలే వింతగా తోచింది.

అమ్మకు చెబితే నవ్వింది. "దీనికి ఇంత సదువు కావాలేటి? నానూ దీదీ అలాగే లేమేటి?"

దీదీ అంటే ప్లాంటు వాళ్ళిచ్చిన మా పాత క్వార్టరు పక్కావిడ. ఇక్కడి ఛత్తీస్‌గఢీ మనిషి. ఇద్దరూ కలిసి క్యాంప్ 1 బస్తీలో ఒక గది తీసుకుని ఇడ్లీ పిండి వ్యాపారం పెట్టారు. అమ్మ రుబ్బుతుంది, దీదీ అమ్ముతుంది. చెరి సగం.

ఆ ఆదివారమే దీదీ పేడా మిఠాయిల పొట్లంతో వచ్చింది. నాగ్‌పూర్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోందట. తన సగం పక్క ఊరు దుర్గ్‌లో హోటలున్న ఒకాయనకు ఇచ్చేసిందట. సోమవారం నుంచి ఆయనే వస్తాడట. హిందీలో గడగడా చెప్పేసింది.

నాకు ఒళ్ళు మండింది. అమ్మను అడక్కుండా ఎలా ఇచ్చావన్నాను.

దీదీ తెల్లబోయింది. "మ్యూచువల్ అయిపోయింది కదా బేటీ" అంది.

అప్పుడర్థమైంది. ప్లాంటు క్వార్టర్లలో ఇద్దరు ఉద్యోగులు ఇష్టపడి ఇళ్ళు మార్చుకోవడాన్ని మ్యూచువల్ అంటారు. సామాన్ల బండి వచ్చేదాకా పక్కింటికి తెలియదు. ఎవరూ తప్పుపట్టరు. దీదీ మా పక్కకు వచ్చింది కూడా అలాగే. వ్యాపారంలో వాటాను కూడా ఆవిడ క్వార్టరులాగే ఖాళీ చేసింది.

"ఇది గవర్నమెంటుకి సెప్పాలేటి?" అని అమ్మ నన్నడిగింది.

"ఇంత చిన్నదానికి అక్కర్లేదు."

"మరి నాకు?"

మన చట్టం గుర్తు తెచ్చుకున్నాను. దీదీ తనకు రావలసిన లాభాన్ని ఎవరికైనా రాసివ్వొచ్చు. అమ్మ ఒప్పుకోనిదే ఆయన భాగస్వామి కాలేడు, గదిలోకొచ్చి పెత్తనమూ చెయ్యలేడు. ఆ మాటే చెప్పి, గెలిచేశామనుకున్నాను.

"ఆయన గొడవ కాదే" అని అమ్మ నన్ను ఆపేసింది. దీదీ వైపు తిరిగింది. "నువ్వు ఎల్లిపోతన్నావని నాకెందుకు ముందు సెప్పలేదు దీదీ?"

దీదీ పొట్లానికి కట్టిన దారాన్ని వేలితో సర్దింది. "నువ్వు ఆగమంటే ఆగిపోతాను. అందుకే చెప్పలేదు" అంది.

ఆగమనే మాట అమ్మ నోటిదాకా వచ్చింది. నాకు కనిపించింది. కానీ అమ్మ అనలేదు. దారం విప్పి, నాగ్‌పూర్ బండి ఎన్నింటికని అడిగింది.