మా మంజుల దరువు

మా అక్క కూతురు మంజుల ఎమ్మిగనూరులో నా టైలరింగ్ షాపులో చీరలకు ఫాల్స్ కుడుతుంది, పీకో చేస్తుంది. ఆ పని బాగా చేసేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. డ్రమ్ములు అంత బాగా వాయించేవాళ్లు మాత్రం ఆదోని దాకా వెతికినా దొరకరు. సొంత పిల్ల కదా అని చెప్పడం లేదు. సొంతవాళ్లను పొగిడే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, చిక్కంతా అక్కడే వచ్చింది.

మా అక్క పేరు హుసేనమ్మ. అక్క కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ పీర్లకు మొక్కుకుని ఆ పేరు పెట్టింది. నేను పుట్టేసరికి ఇంట్లోకి బైబిలు వచ్చింది, నేను ప్రేమలతనయ్యాను. బావ పోయాక అక్క కూతుర్ని వెంటబెట్టుకుని మా వీధికే వచ్చేసింది. కూలి ఆటో ఎక్కి పత్తి ఏరడానికి, వేరుశనగ పీకడానికి పోతుంది. గట్టి మనిషి. నోటి నుంచి మంచి మాట రాలాలంటే మాత్రం వానకు ఎదురుచూసినట్టు చూడాలి.

మంజుల డ్రమ్ము పట్టింది గోనెగండ్ల దగ్గర మా సొంత ఊళ్లో. క్రిస్మస్ ముందు చర్చివాళ్లం పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతాం. ఒక ఏడు డ్రమ్ము కొట్టే అబ్బాయికి జ్వరం వస్తే, ఈ పిల్ల పట్టీ మెడకు తగిలించుకుంది. డ్రమ్ము మోకాళ్లకు తగులుతోంది, అయినా దించలేదు. మా దగ్గర ఈ తిరుగుడుకు ఒక పద్ధతుంది. ఇంటి ముందు దరువు మెల్లగా మొదలవుతుంది. ఇంటివాళ్లు గడప దగ్గరికి వస్తే కాస్త పెరుగుతుంది. వాళ్లూ చప్పట్లు కలిపితే పరుగందుకుంటుంది. కాబట్టి వాయించేవాళ్ల కన్ను డ్రమ్ము మీద కాదు, గడప మీద ఉండాలి. తలుపు తెరుచుకోకముందే జోరు పెంచేవాడు తొందరమనిషి, మనుషులు వచ్చి నిలబడ్డాక కూడా నత్తనడక నడిపేవాడు మొద్దు అంటారు మావాళ్లు. మంజుల ఆ రెండూ కాదు. మొదటి ఇంటి దగ్గరే ఆ సంగతి నాకు తెలిసిపోయింది.

ఆడపిల్ల మెడలో డ్రమ్మేమిటని నలుగురూ గొణిగారు. పిల్లను అనలేదు, అక్కను అన్నారు. తాటాకు చప్పుళ్లకు మంజుల బెదరలేదు కానీ అక్క మనసులో పెట్టుకుంది. అప్పటి నుంచి మంజుల చర్చిలో వాయించినా, పండగల్లో వాయించినా అక్క ఆ చోటికి రాలేదు. వద్దని ఎప్పుడూ అనలేదు, ఒక్కసారీ వినలేదు. పిల్ల కూడా అమ్మను రమ్మని అడగడం మానేసింది. నాకు మాత్రం అక్క మీద ఒళ్లు మండేది.

అలా ఉండగా కళ్యాణ్ మా షాపుకు వచ్చాడు. ఆదోనిలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే కుర్రాడు, గిటారు వాయిస్తాడు, పాడతాడు. అతని స్నేహితుడు ఎర్రిస్వామిది మా ఊరే, నాలుగు తీగల పెద్ద గిటారు వాయిస్తాడు. ఇద్దరూ కలిసి 'నల్లరేగడి' అని బ్యాండు పెట్టారు. మంజుల వాయింపు చర్చిలో విన్నాడట, డ్రమ్ములకు తనే కావాలన్నాడు. ఎలాంటి పాటలు నాయనా అని నేను నిలదీశాను. ఫోన్లో వినిపించాడు. మా అమ్మ చిన్నపిల్లగా ఉన్న కాలంలో పరాయి దేశాల కుర్రాళ్లు కార్ల షెడ్లలో చేరి వాయించుకున్న పాటలట. గిటారేమో గొంతు జీరపోయి బుర్రుమంటుంది, పాడేవాడి గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది, మధ్యలో ఒక హార్మోనియం లాంటిది జ్వరం వచ్చినట్టు వణుకుతుంది. రంగులన్నీ కలిపి కళ్లలో పోసినట్టుంది నాకు. తాళం అక్కడక్కడ జారింది కూడా. వాళ్లు దాన్ని తుడిచెయ్యలేదక్కా, అదే దీని అందం అని కళ్యాణ్ మురిసిపోయాడు.

ఆ తీరులో తెలుగు పాటలు కట్టి ఆల్బమ్ చేద్దామనుకున్నారు. పేరు 'పట్టపగలు చుక్కలు'. ఆ పేరు వినగానే, మీరు సాధన చేసే రోజుల్లో మాకు కనపడేవి అవే అన్నాను. ఎర్రిస్వామి వాళ్ల ట్రాక్టరు షెడ్డే స్టూడియో అయింది. బావి గొంతు కోసం కళ్యాణ్ షెడ్డు పక్కనే ఎండిపోయిన నీళ్ల సంపులోకి దిగి, మూత పక్కకు జరిపి, లోపల నిలబడి పాడాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. నేనూ షాపు మూసి మరీ వెళ్లాను.

ఆ సాయంత్రం ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట రికార్డవుతోంది. అందరూ ఒకేసారి వాయించాలి, మధ్యలో ఆపేది లేదు. సగం పాట అయింది. షెడ్డు వాకిట్లో అక్క కనపడింది. పత్తి చేనులోంచి నేరుగా వచ్చింది, చీర మీద మగవాళ్ల చొక్కా, చేతిలో సద్ది గిన్నె ఉన్న సంచి. పాట వినడానికేమీ రాలేదు. ఇంటి తాళంచెవి మంజుల దగ్గర ఉండిపోయింది, దానికోసం వచ్చింది. నేను సైగ చేసి ఆగమన్నాను. అక్క నిలబడింది. ఇంకొంచెంసేపు నిలబడింది. ఆ తర్వాత చేతిలోని సంచి కింద పెట్టింది.

మంజుల అది చూసింది. దరువు లేచింది. కళ్యాణ్ సంపులోంచి ఎగిరి బయట పడతాడేమో అన్నంత గట్టిగా గొంతెత్తాడు, ఎర్రిస్వామి వేళ్లు పరుగెత్తాయి. పాట అయిపోయింది. అక్క తాళంచెవి తీసుకుని ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఏమన్నా అంటుందేమోనని పిల్ల వాకిలి వైపే చూస్తూ కూర్చుంది.

పాటలను సరిచేసి పూర్తిచేసే పని ప్రమోద్‌ది. ఆదోనివాడే, బెంగళూరులో స్టూడియోలో చేస్తాడు, స్నేహం కొద్దీ ఒప్పుకున్నాడు. మంచివాడు, చెవి గొప్పది. అన్నీ విని వచ్చి, ఆల్బమ్ పేరు పాట ఒక్కటే పనికిరాదన్నాడు. మొదలైన వేగం ఒకటి, ముగిసిన వేగం ఇంకొకటి. ఇది బజారులో పెడితే డ్రమ్మరుకు తాళం రాదంటారు, మంజుల మంచికే చెబుతున్నానన్నాడు. చెవుల్లో టిక్కు టిక్కుమని లెక్క వినిపించే యంత్రం పెట్టుకుని మళ్లీ వాయించాలి. కుదరకపోతే బెంగళూరులో తెలిసిన కుర్రాడున్నాడు, వాడి చేత వాయించుకుందాం అన్నాడు.

కళ్యాణ్ నేల చూపులు చూశాడు. జారిన తాళాలే అందమని మా చెవుల్లో జోరీగలా పోరిన మనిషి నోట మాట లేదు. చెప్పేటందుకే శ్రీరంగనీతులు!

మంజుల మాత్రం సరే అంది. హెడ్‌ఫోను పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వాయించింది. వెంట్రుకవాసి తేడా లేదు. ప్రమోద్ మొహం వెలిగిపోయింది, ఇంత బాగా వాయిస్తూ ఇన్నాళ్లూ ఎందుకు పరుగెత్తావమ్మా అన్నాడు. మంజుల హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టింది.

"నాకు రాదని మీరు అనుకోగూడదని కొట్టినానన్నా. వస్తాది నాకు. అయినా ఆ పొద్దు కొట్టిందే పెట్టండి. ఆ పాటలో మాయమ్మ వచ్చింది. ఈ పాటలో ఎవరూ రాలేదు."

మీ అమ్మ వచ్చిన సంగతి వినేవాళ్లకు ఎలా తెలుస్తుందని ప్రమోద్ అడిగాడు. అడగాల్సిన మాటే.

"తెల్వకపోతే పోనీన్నా. వచ్చింది గదా. ఇదే పెట్టేటట్లయితే నా పేరు తీసెయ్యండి."

ఆ పేరు ఆ ఆల్బమ్ మీద చూసుకోవాలని పిల్ల ఎంత ఆశపడిందో నాకు తెలుసు. మిషను ముందు కూర్చుని పీకో చేస్తూ కాళ్లతో పెడలు మీద ఆ పాటలే వాయించుకునేది. అలాంటిది పేరే వదులుకుంటానంది. నేను ఊరుకోలేక కళ్యాణ్ మీద పడ్డాను. నీకు నోరు లేదా నాయనా, ఆ నోరు సంపులో మరిచిపోయి వచ్చావా అన్నాను. అతను లేచి, కొత్తగా వాయించిన దాని మీద పాడి చూస్తానన్నాడు. పాడాడు. మొదటి చరణం బాగానే ఉంది. ఆ తర్వాత గొంతు ఎత్తాల్సిన చోట ఎత్తలేకపోయాడు. మళ్లీ పాడాడు. మళ్లీ అంతే.

"దీంట్లో నాకు రాలేదు ప్రమోదూ. ఆ పొద్దు నేను పాడలేదు, మంజుల పాడిచ్చింది. పాతదే పెట్టు" అన్నాడు.

ఎర్రిస్వామి కూడా అదే అన్నాడు. ప్రమోద్ చాలాసేపు వాదించి, మీ ఇష్టమని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. ఇప్పటికీ అది తప్పే అంటాడు. అననీ.

ఆల్బమ్ ఫోన్లలోకి వచ్చింది. డ్రమ్స్ అన్న మాట పక్కన మంజుల అని ఉంది. ఆ రోజు షాపుకు వచ్చిన ప్రతి మనిషికీ చూపించాను, జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్లను కూడా వదల్లేదు. బెంగళూరులో పాటల గురించి రాసే ఎవరో ఆ ఒక్క పాటనే ఎత్తి మెచ్చుకున్నారని కళ్యాణ్ చదివి వినిపించాడు. ఆదోని కాలేజీ వాళ్లు పిలిచి వాయించమన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మా పిల్ల రచ్చ ముందే గెలిచేసింది. ఇంట్లో మాత్రం ఎప్పటిలాగే మౌనం. పాట ఫోన్లో వేసి ఇస్తే అక్క వింది, ఫోను తిరిగి ఇచ్చింది, అన్నం పెట్టింది. నేను ఆ పూట అక్కతో మాట్లాడలేదు.

తర్వాత కొన్నాళ్లకు హులిగెమ్మ జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. అక్కతో పాటే పత్తికి పోయే మనిషి. మీ అక్క మా పిల్లాడి చేత మంజుల పాట తన ఫోన్లో ఎక్కించుకుంది, ఆ ఫోను రొంటిన దోపుకుని పాట వేసుకునే పత్తి ఏరుతోంది, రోజూ అదే పాట, మాకందరికీ నోటికి వచ్చేసింది అని చెప్పింది. నేను టేపు పక్కన పెట్టి, హులిగెమ్మకు కుర్చీ వేశాను. హులిగెమ్మే ఒకనాడు అడిగిందట, పాడేది మగగొంతు కదా, ఇందులో నీ బిడ్డ ఎక్కడుంది అని.

అక్క పత్తి ఏరడం ఆపి, నడుం నిలబెట్టి, అందరికీ వినబడేటట్టు చెప్పిందట.

"పాడేటోడు వాడెవడో. వాన్ని నడిపిచ్చేది నా బిడ్డ."