అక్కకు ముందు సీటు

2019 నాటికి నెల్లూరు ట్రంకు రోడ్డులో నేను ట్రావెల్ ఆఫీసు పెట్టి ఆరేళ్లు. అల్లూరు నుంచి ప్రభుదాస్ అన్న వచ్చాడు. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు అమ్ముతాడు, రెండు నెలలకోసారి వియత్నాం వెళ్తాడు. తరచూ ఎక్కుతాడని ఎయిర్‌లైన్ వాళ్లిచ్చిన గోల్డ్ కార్డుంది ఆయనకు. ఈసారి మాత్రం ప్రయాణం వాళ్ల అక్క కరుణమ్మ గారిది, ఈయన తోడు వెళ్తాడంతే. తల్లి పోయాక ఈయన్ను పెంచింది ఆవిడే. నర్సుగా రిటైరై, మోకాలి ఆపరేషన్ చేయించుకున్నారు. యెరూషలేము చూడాలని జీవితమంతా కోరిక. కానీ కాలు మడిచి గంటల తరబడి కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట.

"కౌంటర్లో మలై కాజా డబ్బా పెట్టి, కార్డు చూపిస్తే ముందు సీటు ఇచ్చేస్తారు గదా చెల్లెమ్మా?" అన్నాడు.

నవ్వాపుకోలేకపోయాను. అప్‌గ్రేడ్, అంటే ఎకానమీ నుంచి బిజినెస్‌కో ఫస్ట్ క్లాసుకో మార్చడం, కాజాలకు లొంగదు. కంప్యూటర్ ఒక వరస కడుతుంది. ముందు కార్డు స్థాయి చూస్తుంది. అది సమానమైతే టికెట్ రకం, అదీ సమానమైతే ఎవరు ముందు అడిగారన్నది. తిరిగిన దూరానికి ఈయన కార్డులో పోగైన మైళ్లతో అక్కకు కూడా అడగొచ్చు. ఇద్దరికీ అడిగి, వెయిట్‌లిస్టులో పెట్టాను.

"ఇద్దరం ఒకే టికెట్లో ఉండాల" అని పట్టుబడితే, సరేనని ఒకే పీఎన్‌ఆర్ చేశాను. పీఎన్‌ఆర్ అంటే బుకింగ్ నంబరు. మనవాళ్లు పెళ్లికెళ్లినా యాత్రకెళ్లినా అందరి పేర్లూ ఒకేచోట ఉంటేనే నిశ్చింత. నేనూ ఆ గూటి పిట్టనే, ఆలోచించలేదు.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు చూస్తే బిజినెస్‌లో మిగిలింది ఒక్క సీటు. మా వరస ముందే ఉంది, అయినా సీటు రాలేదు. ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఒక పీఎన్‌ఆర్‌లో ఇద్దరుంటే రెండు సీట్లుంటేనే ఇస్తారన్నారు. ఆ తప్పు నాదే. ముందు సీటు రాకపోతే యాత్ర మానుకుంటానని కరుణమ్మ గారు అప్పటికే అంటున్నారు.

వెంటనే అన్నకు ఫోన్ చేసి, "పీఎన్‌ఆర్ విడదీద్దాం, అక్కకొక్కరికే అడుగుదాం. మన వరస పోదని వాళ్లు చెప్పారు" అన్నాను.

"అక్కను ఒక్కదాన్నే ముందు కూర్చోబెట్టి నేను వెనకాల పోయేదా? భయపడతాది!"

అవతల ఫోను చేతులు మారింది. "అమ్మా, నేను కరుణమ్మను. ముప్పై ఏళ్లు నైట్ డ్యూటీలో వార్డంతా ఒక్కదాన్నే చూసినాను. విమానంలో ఒంటరిగా కూర్చోలేనా? విడదీసెయ్యి."

విడదీశాను. గంటలో సీటు ఖాయమైంది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

తిరుగు ప్రయాణానికీ అదే పద్ధతి పాటించాను, అదీ కుదిరింది. వచ్చాక ఆవిడ స్వయంగా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు.

"కాలు చాపుకొని హాయిగా నిద్రపోయినానమ్మా. వీడే గంటకోసారి వెనక నుంచి వచ్చి, మధ్యలో తెర తీసి చూసినాడు. ఆఖరికి ఆ ఎయిర్‌హోస్టెస్ నన్నే అడిగింది, మీ తమ్ముడికి విమానమంటే భయమా అని!"

ప్రభుదాస్ అన్న తల వంచుకుని నవ్వాడు. అప్పటినుంచి టికెట్టుకు ఎవరొచ్చినా, ఎంతమంది అని అడిగేముందు, ఎవరికి ఏం అవసరమో వాళ్లనే అడుగుతున్నాను. అక్కలను అడగాల్సింది తమ్ముళ్లను అడిగి, ఆవిడ యాత్ర పోగొట్టబోయాను కదా.