గ్రావెల్ బండి కోసం రాయగడ దాకా

శనివారం ఉదయం ఐదున్నరకి నేను కొరాపుట్ స్టేషన్‌కి ఆటో ఎక్కడానికి కారణం ఒక ఫొటో. అందులో నేను లేను.

మా ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఆరుగురం ఆదివారాలు సైకిళ్ళు తొక్కుతాం. నేను మెషిన్ షాపులో టెక్నీషియన్‌ని, రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది. అందరిలోకీ పెద్దవాణ్ణి. రెండు నెలల కిందట పొట్టంగి ఘాట్ ఎక్కాం. మిగతా ఐదుగురూ ముందు చేరి, లోయ కనపడే చోట ఫొటో దిగారు. పన్నెండు నిమిషాల తర్వాత నేను చేరాను. మళ్ళీ ఒకటి తీసుకుందామని ఒక్కరూ అనలేదు. అకౌంట్స్ సెక్షన్ ప్రధాన్ బాబు మాత్రం నన్ను చూసి, "మౌసా, ఈసారి మీరు బస్సులో వచ్చి కలవండి" అన్నాడు. మౌసా అంటే ఒడియాలో బాబాయి వరస. అతనికీ నాకూ ఏడేళ్ళే తేడా. ఆ ఫొటో ఈనాటికీ మా గ్రూపుకి ముఖచిత్రంగా ఉంది. ఫోను తెరిచినప్పుడల్లా చూస్తున్నాను.

రేపు కాదు, పై ఆదివారం కోట్‌పాడ్ వెళ్తున్నారు. జయపురం దాకా ఘాట్ దిగుడు, అక్కణ్ణుంచి చదును. మగ్గాల వీధి ముందు మళ్ళీ ఫొటో ఉంటుంది. అందులో నేను ఉండాలి. నా పాత సైకిల్‌తో అది జరగదు.

అందుకని నెల రోజులుగా రెండు రకాల సైకిళ్ళ గురించి చదువుతున్నాను. ఒకదాన్ని గ్రావెల్ అంటారు. తేలిక, వేగం, హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది, మనమూ వంగాలి. రెండోది అడ్వెంచర్. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, వెడల్పు సీటు, నిటారుగా కూర్చోవచ్చు. బరువెక్కువ, వేగం తక్కువ. ఒకే ఇంట్లో రెండూ అమ్మకానికి ఉన్నాయని, కొల్నార దారి, రాయగడ అని, ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. పైగా రెండిటికీ ఒకే ధర. ఇక డబ్బు మీద నెపం పెట్టడానికి వీల్లేదు, ఏది కావాలో నేనే తేల్చుకోవాలి.

మా ఆవిడ తన అభిప్రాయం నేను అడగకుండానే చెప్పింది. "ఆరు వారాలు మెడకి పట్టీ ఏసుకుని తిరిగిన మనిసికి వంగి తొక్కే సైకిలేటండీ? కుదురుగా కూకుని తొక్కేది సూసుకోండి."

అప్పటికి నేను గ్రావెల్ వైపే ఉన్నాను.

ఆరూ పదికి రావలసిన రైలు ఆరూ నలభై ఐదుకి వచ్చింది. క్షమాపణ మైకులో చెప్పారు, కానీ అది వేరే రైలుకి. జనరల్ పెట్టెలో కిటికీ సీటు దొరికింది. ఎదురుగా అల్లం బస్తాతో ఒకామె, పక్కన బొబ్బిలి వెళ్తున్న ఒక రిటైర్డ్ లైన్‌మన్. ఎందుకు వెళ్తున్నానో ఆయన అడిగాడు, చెప్పాను.

"సైకిలు కొనడానికి రైలెక్కి ఎల్తన్నారేటి? రైలు కొనడానికైతే సైకిలెక్కి ఎల్తారా?"

ఆ ముక్కకి పెట్టెలో నలుగురు నవ్వారు. అల్లం ఆమెకి తెలుగు రాదు, ఆమె కూడా నవ్వింది.

ఈ దారిలో సొరంగాలు చాలా వస్తాయి. మా పెట్టెలో లైట్లు వెలగలేదు. ఒక సొరంగంలోకి వెళ్ళేముందు కాళ్ళు చాపుకోవడానికని లేచి నిలబడ్డాను. బయటికి వచ్చేసరికి కిటికీ సీట్లో అల్లం ఆమె ఉంది, ఆమె చోట బస్తా ఉంది. టికిరి దాకా నిలబడ్డాను. మీరు వెళ్తే సొరంగాల్లో లేవకండి. లక్ష్మీపూర్ రోడ్ దాటాక ఇడ్లీలు వచ్చాయి. చట్నీ నా వంతుకి అయిపోయింది.

పదకొండూ నలభైకి రాయగడ. స్టేషన్‌కి మా బావమరిది సింహాచలం మోటార్ సైకిల్ మీద వచ్చాడు. రైల్వేలో సిగ్నల్ విభాగంలో పనిచేస్తాడు. అతని పెళ్ళి భోజనాల్లో నేను కూర్చున్న వరసకి గారెలు రాలేదు. పందొమ్మిదేళ్ళయింది. ఆ సంగతి ఇక్కడ అవసరం లేదు, అయినా రాస్తున్నాను.

ప్రకటన వారం కిందట అతనికే పంపి, ఆ బళ్ళు ఇంకా ఉన్నాయేమో కనుక్కోమన్నాను. "మాటాడేను బావా, గ్రావెల్ బండి రడీగా ఉంది" అన్నాడు. క్వార్టర్లో అన్నం తిని ఒంటిగంటకి కొల్నార వైపు బయలుదేరాం. ఇరవై ఐదు నిమిషాల తర్వాత ఎర్రటి మట్టిగుట్టల మధ్య రేకుల షెడ్డు ముందు ఆపాడు. యజమాని పేరు దండాసి. భుజం మీద తువ్వాలు, చెవిలో పెన్ను. కుర్చీలు వేయించాడు.

"ఎన్ని కావాల బాబూ?"

"ఒక్కటే."

"ఒక్కదాంతో ఏటవుద్ది? ఇల్లు కడతన్నారా?"

"ఇల్లుంది. ఇది ఆదివారాలకి."

దండాసి సింహాచలం వైపు చూశాడు. "ఆదివారం డ్రైవరు రాడు బాబూ."

"డ్రైవరెందుకు? నేనే తొక్కుతాను."

"మీరు తొక్కడమేటి బాబూ! తొక్కడానికి రోలరుంది. పొద్దున్న పెడితే సాయంత్రానికి సదునైపోద్ది."

మాట తేడాగా ఉందనిపించింది కానీ, కొనేవాడు అడగవలసినవి అడగాలి గదా అని బరువెంత అన్నాను.

"టిప్పరైతే పది టన్నులు. ట్రాక్టరైతే మూడు."

నేను పది కిలోలు ఉంటుందని చదివాను.

ఇక్కడ తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. మా వైపు గ్రావెల్ అంటే రోడ్డు కింద, ఇంటి పునాదిలో పోసే ఎర్రమట్టి. బండి అంటే చక్రాలున్నది ఏదైనా బండే. గ్రావెల్ బండి అంటే ఆ మట్టి తోలే బండి. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో కొలతలు తీసిన నేను కూడా టన్నుల మాట వచ్చేదాకా గ్రహించలేదు.

"సైకిలని సెప్పలేదేటి బావా?" అన్నాడు సింహాచలం.

"ప్రకటన పంపాను కదా."

"గ్రావెల్ అనుంది, కొల్నార అనుంది. రెండూ సూపించేను. మరింకేటి కావాల?"

తప్పు ఎవరిదన్నది చదివేవాళ్ళు నిర్ణయించండి. దండాసి మాత్రం టీ ఇచ్చి పంపాడు. "సైకిలా? అలా సెప్పండి మరి. రైల్వే గేటుకి ఇవతల పచ్చ గేటిల్లు. ఆ అమ్మి పొద్దున్నే నా ట్రాక్టర్ని దాటేసి పోతాది. డ్రైవరు రోజూ నామోషీ పడతన్నాడు."

పచ్చ గేటు తీసిన అమ్మాయి పేరు లలిత. కాగితం మిల్లు ల్యాబ్‌లో పని. భర్తకి బదిలీ అయింది. కొత్త ఊళ్ళో మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అందుకని రెండు సైకిళ్ళూ అమ్మేస్తున్నారు. వరండాలో గోడకి ఆనించి ఉన్నాయి. నేను తిన్నగా పొట్టేలు కొమ్ముల దాని దగ్గరికి వెళ్ళాను.

"ఇది మీ ఆయనదా, అమ్మీ?"

"కాదంకుల్, నాది. లావు టైర్లది ఆయనది." నా మెడ వైపు చూసింది. పొద్దున్నుంచి రైల్లో నిలబడ్డాను కాబట్టి మెడ కొంచెం పక్కకి ఉంది. "మీకు ఇది పడదంకుల్. అది తీసుకోండి."

ఆ క్షణంలో గ్రావెల్ కొనేశాను, మనసులో.

"బావా," అని సింహాచలం నా చెవిలో అన్నాడు, "ఆ అమ్మి వద్దన్నాదని కొనీకు."

"రెండూ పరీక్షించి కొంటాను" అన్నాను. సంచీలోంచి స్టీలు స్కేలు తీసి గొలుసులు కొలిచాను. ఇరవై నాలుగు లింకులకి సరిగ్గా పన్నెండు అంగుళాలు రావాలి, ఎక్కువ వస్తే అరిగినట్టు. రెండూ సరిగ్గా ఉన్నాయి. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఇంటి నుంచి దండాసి షెడ్డు దాకా వెళ్ళి వెనక్కి రావాలని పెట్టుకున్నాను. సగం తారు, సగం ఎర్రమట్టి. ఒకే దారి, ఒకే మనిషి. మధ్యలో పావుగంట విశ్రాంతి.

రెండూ ఇరవైకి గ్రావెల్ ఎక్కాను. ఆ సైకిల్ గురించి అన్యాయంగా మాట్లాడను. పెడల్ మీద కాలు పెట్టగానే కదిలిపోయింది. తారు మీద చప్పుడే లేదు. ఎర్రమట్టి మీద కూడా ఎక్కడా జారలేదు. చాలా ఏళ్ళ తర్వాత నా చెవుల పక్క గాలి శబ్దం విన్నాను. కోట్‌పాడ్ ఫొటోలో ప్రధాన్ బాబు పక్కన, కొంచెం ముందుకి, నన్ను నేను చూసుకున్నాను కూడా.

కానీ మెడ ఎత్తలేకపోయాను. నాకు కనపడ్డది ముందు చక్రం, దాని ముందు రెండు గజాల నేల. చింతచెట్టు కింద ఎవరో "ఎవురి తాలూకా బాబూ?" అని అడిగారు. ఆడమనిషో మగమనిషో కూడా చెప్పలేను. తిరిగి వస్తుండగా ఒక మోటార్ సైకిల్ నన్ను రాసుకుంటూ పోయింది. దాని మీద మనిషి "ఎయ్ బుఢా, సైడ్!" అని అరిచాడు. బుఢా అంటే ముసలాడు. నేను తల ఎత్తేలోపు అతను పోయాడు. నేను చూసినవి అతని చెప్పులు. నీలం రంగు హవాయి చెప్పులు. నీలం హవాయి చెప్పులు రాయగడ జిల్లాలో ఎంతమందికి ఉంటాయో మీరు ఆలోచించండి.

పదకొండు నిమిషాలు పట్టింది.

లలిత మంచినీళ్ళు ఇచ్చింది. "మీరిద్దరూ కలిసి వెళ్తారా?" అని అడిగాను.

"కలిసే బయల్దేరతాం అంకుల్. నేను ముందు పోయి ఎక్కడో ఆగుతాను. ఆయన గంటకి వస్తాడు. వచ్చి, ఏ ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళి జరుగుతోందో, ఎవరి గేదె ఈనిందో చెప్తాడు. నాకు దాటిన ఊళ్ళ పేర్లు కూడా తెలీవు."

రెండూ నలభై ఐదుకి అడ్వెంచర్ ఎక్కాను. ఇది పిలిచిన వెంటనే వచ్చే రకం కాదు. కదలడానికి ఆలోచించుకుంటుంది. కానీ కూర్చున్నాక వెన్ను, మెడ తమ తమ చోట్లలోకి వెళ్ళాయి. గుంతలు స్ప్రింగులకే తెలిశాయి. చింతచెట్టు కింద ఉన్నది ఒక ముసలామె, ముందు గంపలో ములక్కాడలు. "ఇందాకా అడిగితే పలకనేదేటి?" అంది. మీరే అడిగారని తెలీలేదని, సింహాచలం తాలూకా అని చెప్పాను. దండాసి చెయ్యి ఊపాడు. తిరుగుదారిలో ఒక తుప్పు పట్టిన సైకిల్, వెనక క్యారియర్ మీద రెండు పనసకాయలు, నన్ను దాటింది. తొక్కుతున్నాయన నాకంటే పెద్దవాడే. దాటుతూ నా వైపు తిరిగి, నా సైకిల్‌నీ నన్నూ చూసి, నవ్వాడు. కుడిపక్క పై పన్ను లేదు. ఎడమ కనుబొమ మీద పుట్టుమచ్చ ఉంది. మెడలో ఎర్రగళ్ళ తువ్వాలు.

పదిహేను నిమిషాలు.

వరండా మెట్టు మీద కూర్చుని లెక్క వేసుకున్నాను. నాలుగు నిమిషాలు తేడా. కోట్‌పాడ్ దూరానికి అది గంట పైనే అవుతుంది. గ్రావెల్ మీద నేను ఫొటోలో ఉంటాను. అడ్వెంచర్ మీద, వాళ్ళు టిఫిన్ చేసి చేతులు కడుక్కుంటుండగా చేరుకుంటాను. ఆ లెక్క ఎటు నుంచి చూసినా అంతే. అయితే ఈ రోజు నన్ను ఇద్దరు దాటారు. పనసకాయలాయన ఎక్కడ కనపడ్డా పోల్చుకుంటాను. నీలం చెప్పులవాణ్ణి, అతను ఎదురుగా కూర్చుని నా చట్నీ తిన్నా పోల్చుకోలేను. నా వయసులో దాటిపోయేవాళ్ళు ఎలాగూ ఉంటారు. వాళ్ళ ముఖమైనా చూడకపోతే ఎలా గుర్తుపెట్టుకోవడం?

"అడ్వెంచర్ తీసుకుంటాను" అన్నాను. "నువ్వు చెప్పినందుకు కాదు."

"సరే అంకుల్. నేనేం చెప్పలేదు" అంది లలిత. పంపు, రెండు ట్యూబులు ఊరికే ఇచ్చింది. ఇది కూడా రాస్తున్నాను.

సింహాచలం ఇంట్లో పడుకున్నాను. భోజనంలో అడక్కుండా గారెలు వేశారు, నాలుగు. పందొమ్మిదేళ్ళకి నా వరసకి గారెలు వచ్చాయి.

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి స్టేషన్ పార్సెల్ ఆఫీసుకి వెళ్ళాం. సైకిల్‌ని బ్రేక్ వ్యాన్‌లో వేయాలంటే అక్కడ కాగితం రాయించాలి. మీరు వెళ్తే గంట ముందు వెళ్ళండి. గోనెగుడ్డ, పురికొస తీసుకెళ్ళండి, వాళ్ళివ్వరు. గుమాస్తా "సైకిల్, పాతది" అని రాశాడు.

"అడ్వెంచర్ సైకిల్ అని రాయండి."

"అడ్వెంచర్‌కి గడి లేదు బాబూ."

"పాతదానికి ఉందా?"

"దానికుంది."

రైలు పదింటికి కదిలింది. కిటికీ సీటు దొరికింది, సొరంగాల్లో లేవలేదు. సింగాపూర్ రోడ్ దాటాక ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. గ్రూపులో ఆ ఉదయం ఫొటో ఉంది. ఐదుగురు. కింద ఎవరో "మౌసా ఎక్కడ?" అని అడిగారు. ప్రధాన్ బాబు బస్సు బొమ్మ పెట్టాడు. మాట కాదు, బొమ్మ.

రాయగడ ప్రయాణం మొత్తం మీద మంచిదే. కొండలు పచ్చగా ఉన్నాయి, టీ అన్ని చోట్లా బాగుంది, ఎవరినైనా ఏమైనా అడిగితే దారి చెప్తారు; అయితే ఏ దారి అడుగుతున్నారో మీరు సరిగ్గా చెప్పాలి. లక్ష్మీపూర్ రోడ్‌లో రైలు ఆగినప్పుడు దిగి వెనక్కి వెళ్ళి బ్రేక్ వ్యాన్‌లోకి చూశాను. గోనెలో నా సైకిల్ నిటారుగా నిలబడి ఉంది, అల్లం బస్తాల మధ్య.

సీటుకి తిరిగొచ్చి గ్రూపులో జవాబు రాశాను. "కోట్‌పాడ్‌కి మీరు ఆరింటికి బయల్దేరండి. నేను నాలుగున్నరకి బయల్దేరతాను. ఒక్కొక్కరూ దాటేటప్పుడు ముఖం చూపించి దాటండి. దాటకపోతే ఫొటో నేను తీస్తాను."

ప్రధాన్ బాబు వెంటనే అడిగాడు: "ఫొటోకి అందరూ వచ్చేదాకా ఆగుతారు కదా, మౌసా?"

పొట్టంగి ఘాట్‌లో ఆ పన్నెండు నిమిషాలు తల్చుకుంటూ కొరాపుట్ వచ్చేదాకా ఆలోచించాను. జవాబు ఇంకా రాయలేదు.