లేవలేకపోయిన పెళ్లికొడుకు

ఆ రోజుల్లో నడుమంటే ప్యాంటు జారకుండా బెల్టు పెట్టుకోవడానికి దేవుడిచ్చిన చోటని నా నమ్మకం. మదనపల్లె టమోటా మండీలో కొత్తగా గుమాస్తాగా చేరాను. నా పని కూర్చుని రాసుకునేదే అయినా, హమాలీల ఎదుట నిండు క్రేటు ఎత్తి లారీకి అందిస్తే గానీ నాకు తిన్నది అరిగేది కాదు (ఎత్తమని ఎవరూ అడగలేదు). ఒకనాడు అలా ఎత్తబోయి వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. మిషన్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అక్క నన్ను పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి నడుము మెల్లగా పైకెత్తడం నేర్పింది. "నొప్పి పోయినాక గూడా దినామూ చేయల్ల తమ్ముడూ. వదిలేస్తివా, మళ్లా నా కాడికే వస్తావు సూడు" అంది. వారం తిరక్కుండా నొప్పి పోయింది, దాని వెంటే వ్యాయామమూ పోయింది. చాప చుట్టి అటకెక్కించాను. పట్టేసినప్పుడు దించడం, తగ్గగానే ఎక్కించడం, ఇదే నా వైద్యం.

ఇంతలో కుప్పం సంబంధం కుదిరింది. ఫోటో చూసిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు, అంత నచ్చింది పిల్ల. పెళ్లికి బయల్దేరే ఉదయం పెట్టెలు వ్యాన్‌లోకి నేనే ఎక్కిస్తానని ఎగబడ్డాను. మళ్లీ పట్టేసింది. దారిలో పుంగనూరులో మా మేనత్తను ఎక్కించుకోవాలి. ఆమె ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం (మేం చర్చికెళ్లేవాళ్లమే, కానీ నడుము పట్టినవాడు దేన్నైనా నమ్ముతాడు). పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, "యాడప్పా నొప్పి?" అంది అత్త. "ఈడత్తా" అనే లోపే తన్నింది. వ్యాన్ డ్రైవరు కూడా దిగి చూశాడు. రెండో తన్ను భయానికో ఏమో, నిటారుగా నిలబడ్డాను.

కుప్పం చర్చిలో ప్రమాణాలు దివ్యంగా చెప్పాను. తాళికి ముందు ప్రార్థన అన్నారు పాస్టరుగారు. ఇద్దరం మోకరించాం. "ఆమెన్" అనగానే పెళ్లికూతురు లేచింది. నేను లేవలేదు. లేవలేకపోయాను. వెనక బెంచీలో ఎవరో అవ్వ, "ఎంత బక్తప్పా పిల్లోడికి!" అని కళ్లొత్తుకుంది. పాస్టరుగారు పొంగిపోయి ఇంకో ప్రార్థన అందుకున్నారు. చెమటలు పట్టాయి. తాళి ఇంకా పళ్లెంలోనే ఉంది. నడుము లేనివాడికి పిల్లనెలా ఇస్తామని మామగారు అడ్డం పడితే? ఈ అమ్మాయి నాకు దక్కదేమో అనిపించి నిజంగానే ప్రార్థించాను.

ఆమె వంగి, ముసుగులోంచి మెల్లగా అడిగింది. "ఏమైందండీ?"

"నడుము పట్టేసింది. లేయలేకుండా ఉండాను" అన్నాను. ఇక అంతా అయిపోయిందనుకున్నాను.

ముసుగు ఊగింది. నవ్వుతోంది! మళ్లీ నా పక్కనే మోకరించింది. "మా నాయనకూ ఇట్లే పట్టుకుంటాది. ఒక కాలు ముందుకు పెట్టి, నా బుజం పట్టుకోండి. తొందరేం లేదు, పాస్టరుగారు ఇంగో ప్రార్తన చేస్తారులే" అంది. ఆ భుజం ఊతంతో లేచి తాళి కట్టాను. చప్పట్లు మోగాయి. నాకంత సంతోషం మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

కాపురానికొచ్చిన వారంలోనే ఆమె అటక మీది చాప దించి పరిచింది. నొప్పుందా అని అడగలేదు. "ముందు ఇది, తర్వాతే కాఫీ" అంది. పండగైనా జ్వరమొచ్చి లేచిన మర్నాడైనా ఆ మాట మారలేదు. కాఫీ మీద ఆశతో మొదలైన అలవాటు ఇన్నేళ్లూ నన్ను నిలబెట్టింది. ఇప్పుడు ఆదివారం మోకరిస్తే, మా వరసలో అందరికంటే ముందు లేచేది ఈ నెరిసిన తలవాడే.

అప్పుడప్పుడూ మండీ దారిలో వెళ్తుంటే క్రేటు ఎత్తి రొమ్ము విరుచుకున్న ఆ కుర్రాడు, అంటే నేనే, కళ్ల ముందు కనిపిస్తాడు. పిలిచి నా పక్కన చాప పరవాలనిపిస్తుంది. వాడు రాడు. "ఇప్పుడు నొప్పేం లేదు కదప్పా" అంటాడు.