ఖల్లివల్లి కాలనీ

రియాద్‌లో నాకు చేరిన ఉత్తరంలో మా ఆవిడ సుగుణ నాలుగే వాక్యాలు రాసింది. ఎవరో ఆఫీసువాళ్లు వచ్చి ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు వేశారట. ఇది సర్కారు భూమి, కూలగొడతాం అన్నారట. ఎల్బీనగర్ అవతల ఉన్న ఆ రెండు గదులు తప్ప ఆరేళ్ల ఎడారి చాకిరీకి నాకు మిగిలింది ఏమీ లేదు. పదిహేను రోజుల సెలవు పెట్టి బయలుదేరాను.

బొంబాయి వీటీలో మధ్యాహ్నం హైదరాబాద్ బండి ఎక్కాను. ఎదురు సీటాయనకు ప్లాస్టిక్ సంచీ తప్ప సామాను లేదు. మా నల్లగొండ మనిషే. సౌదీలో పట్టుబడి, జైల్లో ఉండి తిరిగి వస్తున్నాడు. అంటే ఖల్లివల్లి. ఆకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు, లేకుండా దాక్కుని పనిచేసేవాళ్లను మావాళ్లు అలా పిలుస్తారు.

నాకు వాళ్లంటే పడదు. నేను వైద్య పరీక్షకు రెండుసార్లు, వీసా స్టాంపుకు మూడుసార్లు వరసలో నిలబడి వెళ్లినవాణ్ణి. ఆకామా జిరాక్సులు చొక్కా లోపలి జేబులో లేనిదే నాకు నిద్ర పట్టదు. వీళ్లేమో సగం జీతానికి ఒప్పుకుని మా కూలి పడగొడతారు. పైగా అక్కడి ప్రభుత్వం వీళ్లకు మాఫీ ఇస్తుందని పుకారు వచ్చినా చాలు, నాకు ఒళ్లు మండుతుంది. వరసలో నిలబడ్డవాడు వెర్రివాడా? షోలాపూర్ దాకా ఆయనకు ఇదే చెప్పాను. ఖల్లివల్లి ఎవడొచ్చినా నా గది గడప తొక్కనివ్వనని కూడా అన్నాను.

ఆయన పల్లీలు ఒలుచుకుంటూ విన్నాడు. "నేను దొంగతనంగ పోలేదన్నా. కాయితం మంచిగనే ఉండె. దిగినంక చూస్తే, పనిస్తనన్న కఫీలే లేడు."

"పోయేముందు అడగొద్దా?" అన్నాను. ఆయన మిగిలిన పల్లీలు నా ముందుకు జరిపి, కిటికీ వైపు తిరిగాడు.

ఉదయం ఆరింటికి నాంపల్లిలో దిగి, ఇడ్లీ తిని, కోఠిలో దిల్‌సుఖ్‌నగర్ బస్సు ఎక్కాను. ఈ దారిన వెళ్లేవారికి ఒక సలహా: కోఠిలో ఖాళీ బస్సు కోసం చూడకండి, అది రాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎల్బీనగర్ బస్సు మారాను. కొత్తపేట దాటితే తోటల నిండా తెల్ల హద్దురాళ్లు, అడుగడుక్కీ ఒక కాలనీ బోర్డు. పోయినసారి ఇవి చూసి మురిసిపోయాను. ఈసారి మాత్రం, మా కాలనీ ఇంకా ఉందా అని కండక్టర్‌ను అడిగాను. "ఉంటది సార్, యాడికి పోతది? పేరే దినాం మారుతది," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చౌరస్తాలో దిగి ఇరవై నిమిషాలు నడిచాను. సుగుణ ఆ గుర్తు మీద చాట తగిలించింది, చుట్టాలకు కనబడకుండా. చాట తీసి చూపించింది.

"మొన్న రంగు డబ్బా తెచ్చిండ్రు," అంది. "మల్లొస్తే గడ్డపార తెస్తరు."

మర్నాడు పదిన్నరకు రిజిస్ట్రీ కాగితం, దాని జిరాక్సులు మూడు పట్టుకుని రెవెన్యూ ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా తిరగేసి చూసి ఇచ్చేశాడు.

"కాయితం మంచిదే సార్. అమ్మినోనికే హక్కు లేదు. ల్యాండ్ సీలింగుల సర్కారు ఎప్పుడో తీసుకున్న భూమి గిది. కొనేముందు అడగొద్దా?"

ఆ మాట ఎక్కడో విన్నాననిపించింది. అన్నది నేనే.

సాయంత్రం పక్కింటి గుంటూరు మాస్టారు అర్జీ తెచ్చారు. "తెలియక చేసిన పొరపాటును మన్నించి మా ఇళ్లను క్రమబద్ధం చేయమని రాశానండీ. మీరూ ఓ సంతకం పెట్టండి."

"అంటే మాఫీయే కదా మాస్టారూ?"

"మరింకేం అడుగుతామండీ? ఇళ్లు కట్టేసుకున్నాం. ఎక్కడికి పోతాం?"

పరాయి దేశంలో నేను సక్రమం, సొంత జిల్లాకు కూతవేటు దూరంలో ఖల్లివల్లిని. సిగ్గుపడుతూనే, అందరికంటే పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాను.

సెలవు అయిపోయింది, జవాబు రాలేదు. బయలుదేరిన రోజు సుగుణ బస్టాపు దాకా కూడా రాలేదు. ఇంటికి తాళం కనబడితే వాళ్లు పని మొదలుపెడతారని ఆమె భయం. గడపలోనే నిలబడి చెయ్యి ఊపింది.

సాయంత్రం నాంపల్లిలో బొంబాయి బండి ఎక్కాను. పక్క సీటాయన దేవరకొండ మేస్త్రీ, మొదటిసారి సౌదీ వెళుతున్నాడు. వికారాబాద్ దాటాక వీసా కాగితం నా చేతికిచ్చాడు. "జర సదివి చెప్పన్నా. కాయితం మంచిదేనా?"

ముద్ర ఉంది. సంతకం ఉంది. కఫీల్ పేరుంది. నా రిజిస్ట్రీ కాగితానికీ అన్నీ ఉన్నాయి. మంచిదేనని అనలేకపోయాను. పోయేముందు అడగొద్దా అనీ అనలేకపోయాను. నా ఆకామా జిరాక్సు ఒకటి తీసి, దాని వెనక మా క్యాంపు పేరు, గది నంబరు రాసిచ్చాను.

"దిగినంక కఫీల్ రాకుంటే గీడికి రా."

ఇచ్చాక గుర్తొచ్చింది. ఖల్లివల్లిని గదిలో పెట్టుకున్నానని తెలిస్తే నా ఆకామా కూడా పోతుంది. ఇంటి మీద ఎర్ర గుర్తు, ఇక్కడ ఇదొకటి. తిరిగి తీసుకుందామని చెయ్యి చాపాను. అప్పటికే ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, నేను పెట్టుకునే చోటే, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.